టీకా వేయించిన గొర్లకే నీలినాలుక వచ్చింది. మందు నకిలీదా, రోగం మారిందా?

దేవరకొండ_మంద
మా మందలో 112 జీవాలున్నాయి. వానలు పడకముందే అన్నింటికీ నీలినాలుక టీకా వేయించాం. ఒక్కొక్కదాన్ని నేనే పట్టుకున్నా, ఒక్కటి కూడా తప్పించుకోలేదు. దసరా అయిన పది రోజులకు ఒక చూడి గొర్రె మేత ముట్టలేదు. చెవి పట్టుకుంటే కాలిపోతోంది. మర్నాటికి మూతి ఉబ్బింది, ముక్కు నుంచి నురగ. నోరు తెరిచి చూస్తే చిగుళ్ల మీద పుండ్లు, నాలుక నేరేడుపండ్లు తిన్నట్టు ఉంది. ఇప్పటికి 19 పడ్డాయి, 6 పోయాయి. డెక్కల పైన ఎర్రగీత వచ్చి కొన్ని మోకాళ్ల మీద పాకుతున్నాయి. చూడలేకపోతున్నా.

నాయినది ఒకటే మాట: "అది టీకా కాదురా, నీళ్లు పొడిచిపోయిండ్రు." డాక్టర్ గారేమో "టీకాలో లేని రకం వచ్చి ఉండొచ్చు" అన్నారు. రోగంలో రకాలేంటి? నీలినాలుక అంటే నీలినాలుకే కదా? తెలిసినవాళ్లు చెప్పండి.

మక్తల్_కాపరి
నాయిన చెప్పిందే నిజం. నిరుడు మా ఊళ్లో టీకా సీసాలు బండి డిక్కీలో వేసుకుని మిట్టమధ్యాహ్నం దాకా తిరిగారు. ఐస్ లేదు, ఏం లేదు. ఎండకు ఉడికిన టీకా పొడిచినా ఒకటే, బావి నీళ్లు పొడిచినా ఒకటే.

బీవీఎస్సీ_చివరేడు
మందు పాడై ఉండొచ్చు, కాదనను. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండకే కాదు, ఈ టీకా గడ్డకట్టినా పాడవుతుంది. కానీ మీ డాక్టర్ గారి మాటను కూడా కొట్టిపారేయకండి అన్నా.

వైరస్ ఒకటే, పైతొడుగులు వేరు. గొర్రె ఒంట్లో పుట్టే యాంటీబాడీలు వైరస్‌ను పట్టుకునేది ముఖ్యంగా ఆ తొడుగులోని వీపీ2 అనే ప్రోటీన్ దగ్గర. దాని తేడాలను బట్టే రకాలకు నంబర్లు పెట్టారు. 24 రకాలు ఎప్పటి నుంచో తెలుసు, తర్వాత ఇంకొన్ని బయటపడ్డాయి. మన దేశంలోనే ఇరవైకి పైగా రకాల ఆనవాళ్లు దొరికాయి. మనం వేసే టీకాలో ఉన్నవి ఐదు: 1, 2, 10, 16, 23. ఒక రకానికి పుట్టిన యాంటీబాడీ ఇంకో రకాన్ని సరిగా పట్టలేదు. పోలీసు దగ్గర ఐదుగురు దొంగల ఫొటోలే ఉంటే, ఆరోవాడు ఎదురుగా నడిచిపోయినా ఆపడు కదా.

ఇంకో సంగతి. దీని జన్యు పదార్థం ఒకే పోగు కాదు, పది ముక్కలు. ఒకే గొర్రెను రెండు రకాలు ఒకేసారి పట్టాయనుకోండి. రెండింటి ముక్కలూ ఒకే కణంలో కలుస్తాయి. పుట్టే వైరస్‌కు ఇటు నుంచి నాలుగు, అటు నుంచి ఆరు పడొచ్చు. పేక కలిపి పంచినట్టే.

ఇప్పుడు చేయాల్సింది: జ్వరం మీదున్న జీవం రక్తం తీసి, ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కు పంపమనండి. ఏ రకమో అక్కడే తేలుతుంది. లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లతో నోరు కడిగి, గ్లిజరిన్‌లో బోరిక్ పౌడర్ కలిపి పూయండి. గట్టి మేత వద్దు.

దేవరకొండ_మంద
రక్తం నిన్ననే తీసుకెళ్లారు చెల్లె. నోళ్లు పొద్దున సాయంత్రం కడుగుతున్నా, రాగి జావ సీసాతో పోస్తున్నాం. ఒక్కోదానికి అరగంట పడుతోంది, మింగలేక కళ్లల్లో నీళ్లు పెట్టుకుంటున్నాయి.

నాకు అర్థం కానిది ఒకటుంది. మన టీకాలో ఏమున్నాయో ఆ వైరస్‌కు ఎట్లా తెలిసింది? కంటికి కనపడని పురుగుకు తప్పించుకునే తెలివి ఎక్కడిది?

నకిరేకల్_జీవశాస్త్రం
దానికి తెలివి లేదు తమ్ముడూ. ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి పాఠం చెబుతున్నా, అందరూ ఆగేది ఈ ప్రశ్న దగ్గరే.

వైరస్ తనను తాను నకలు రాసుకుంటుంది. నీలినాలుక లాంటి ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలో చాలావాటికి రాసింది సరిచూసుకునే ఏర్పాటు లేదు. కాబట్టి నకలు నకలుకూ తప్పులు పడతాయి. ఎక్కువ తప్పులు దానికే చేటు, ఆ నకళ్లు అక్కడికక్కడే పోతాయి. ఎప్పుడో ఒక తప్పు తొడుగు ఆకారాన్ని కొంచెం మారుస్తుంది. మామూలు రోజుల్లో దానివల్ల లాభం లేదు. యాంటీబాడీలు కాపలా ఉన్న ఒంట్లో మాత్రం అదొక్కటే మిగులుతుంది.

దీన్ని కళ్లారా చూపించినవాళ్లున్నారు. 1952లో జాషువా, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు గాజు పళ్లెంలో బ్యాక్టీరియాను చుక్కలు చుక్కలుగా పెంచారు. ఆ పళ్లెం మీద మఖమల్ గుడ్డ అద్ది, అదే గుడ్డను మందు కలిపిన ఇంకో పళ్లెం మీద అద్దారు. రబ్బరు స్టాంపు వేసినట్టు ప్రతి చుక్కా తన చోటులోనే పడింది. మందు పళ్లెంలో ఒకటో రెండో బతికాయి. మొదటి పళ్లెంలో సరిగ్గా అదే చోట ఉన్న చుక్కలను వెతికి పట్టుకున్నారు. మందు మొహం ఎన్నడూ చూడని ఆ బ్యాక్టీరియా మీద కూడా మందు పని చేయలేదు. అంటే మందు తగిలాక నేర్చుకున్న విద్య కాదది, ముందే ఉంది. మందు మిగతావాటిని చంపి దానికి చోటు ఖాళీ చేసింది, అంతే.

డాక్టర్ గారి అనుమానం నిజమైతే నీ మందలో జరిగింది కూడా ఇదే. టీకా ఆపాల్సిన ఐదింటిని ఆపింది. జల్లెడలోంచి జారింది మిగిలింది.

హాలియా_వరి
గొర్ల సంగతి నాకు తెలియదు కానీ @నకిరేకల్_జీవశాస్త్రం సార్ చెప్పింది మా పొలంలో కనపడుతుంది. ఎడమ కాలువ కింద మాదంతా సాంబ మసూరి. బియ్యానికి రేటు బాగుంటుంది కానీ ఎండాకు తెగులు దాన్ని వదలదు. ఆకు అంచు నుంచి పసుపు గీత వంకర టింకరగా లోపలికి దిగుతుంది. పొద్దున్నే మంచులో వెళ్లి చూస్తే ఆకు మీద చిన్న పసుపు పూసలుంటాయి. అవి మంచు బిందువులు కావు, బ్యాక్టీరియా ముద్దలు. గాలివానకు పక్క మడికి కొట్టుకుపోతాయి.

మా తమ్ముడి కొడుకు వ్యవసాయ కాలేజీలో చదువుతున్నాడు. వాడు చెప్పింది విని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ బ్యాక్టీరియా తన ప్రోటీన్‌ను వరి కణంలోకి సూదిలా పొడిచి పంపుతుందట. అది నేరుగా వరి జన్యువు దగ్గరికి వెళ్లి చక్కెర బయటికి వదిలే మీటను నొక్కుతుందట. మొక్క తన చేత్తో తానే శత్రువుకు వడ్డిస్తుంది!

దీనికి విరుగుడు మన హైదరాబాద్‌లోనే తయారైంది. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి 2008లో మెరుగైన సాంబ మసూరి తెచ్చాయి. అందులో మూడు నిరోధక జన్యువులున్నాయి: ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ21. 13 ఉన్న వరిలో ఆ చక్కెర మీట చోటే మారి ఉంటుంది, బ్యాక్టీరియా ప్రోటీన్ వేలు ఆనదు. 21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. ఒకటి చాలదా, మూడెందుకని అడిగా. "ఒక తాళానికి మారుతాళం ఎప్పుడో పుడుతుంది పెదనాన్నా, మూడింటికీ ఒకే బ్యాక్టీరియాలో ఒకేసారి పుట్టడం కష్టం" అన్నాడు.

జడ్చర్ల_ల్యాబ్
@హాలియా_వరి అన్నా, మీ తమ్ముడి కొడుకు చెప్పిన లెక్క మీదే టీబీ వైద్యం మొత్తం నిలబడి ఉంది. నేను రోజూ తెమడ పరీక్షలు చేస్తాను.

ఐసోనియాజిడ్‌కు లొంగని టీబీ బ్యాక్టీరియా పది లక్షల నుంచి పది కోట్లలో ఒకటి దానంతట అదే పుడుతుంది. రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు పది కోట్లకు ఒకటి. ఊపిరితిత్తిలో పుండు పడి గుంత అయితే అందులోనే కోట్లకొద్దీ బ్యాక్టీరియా ఉంటాయి. అంటే ఒక్క మందే ఇస్తే దానికి లొంగనిది లోపల ముందే కూర్చుని ఉన్నట్టు. రెండు మందులూ కలిపితే లెక్క గుణకారం అవుతుంది, రెండింటినీ తట్టుకునేది ఆ ఒంట్లో ఉండే అవకాశం దాదాపు పోతుంది. అందుకే నాలుగు మందులతో మొదలుపెడతారు.

ఇది దాక్కునే చోటు కూడా చిత్రమే. మన ఒంట్లో క్రిములను మింగి అరిగించే కణాలుంటాయి. టీబీ బ్యాక్టీరియా వాటి కడుపులోకే వెళ్లి, అరిగించే రసం సంచి తన దగ్గరికి రాకుండా ఆపి, అక్కడే కాపురం పెడుతుంది.

మా చిన్నాయన బొంబాయి వలస పోయి దగ్గుతో తిరిగొచ్చాడు. రెండు నెలలు మాత్రలు వేసుకున్నాడు. ఆకలి వేసింది, బరువు పెరిగాడు, మాత్రలు ఆపి మళ్లీ పనికి పోయాడు. ఏడాదికి తిరిగొచ్చినప్పుడు సీబీనాట్ పరీక్షలో రిఫాంపిసిన్ పనిచేయదని వచ్చింది. ఆ ఫలితం మిషన్ మీద చూసింది నేనే. మళ్లీ మొదటి నుంచి వేరే మందులు, వాటితో వినికిడి కొంత పోయింది. ఇప్పుడు బాగున్నాడు. కానీ "తగ్గింది కదా" అని ఎవరన్నా మాత్రలు ఆపారంటే నాకు కడుపులో తిప్పుతుంది.

మక్తల్_కాపరి
చిన్నాయన కోలుకున్నందుకు సంతోషం తమ్ముడూ. మా ఆర్‌ఎంపీ జలుబుకు కూడా రెండు రోజుల యాంటీబయాటిక్ ఇస్తాడు. జలుబు వైరస్‌తో కదా వచ్చేది?

జడ్చర్ల_ల్యాబ్
అవును. యాంటీబయాటిక్ జలుబు వైరస్‌ను ఏమీ చేయదు. పేగుల్లో ఉన్న మామూలు బ్యాక్టీరియాను మాత్రం జల్లెడ పడుతుంది. మిగిలినవి తమ నిరోధక జన్యువును పక్క బ్యాక్టీరియాకు కూడా ఇవ్వగలవు, వేరే జాతిదైనా సరే.

షాద్‌నగర్_కోళ్లు
టీకాల గురించి నేనొకటి చెప్పాలి, ఎవరూ భయపడొద్దు. కోళ్లలో మారెక్స్ అని ఒక వైరస్ రోగం ఉంది. కాళ్లు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి చాపి పడిపోతాయి, లోపల గడ్డలు వస్తాయి. 1970 ప్రాంతం నుంచి దీనికి టీకా ఉంది, హేచరీలో పిల్ల పుట్టిన రోజే వేస్తారు. ఆ టీకా కోడిని రోగం నుంచి కాపాడుతుంది కానీ వైరస్ ఒంట్లో చేరకుండా, బయటికి రాలకుండా ఆపదు. ఈకల దుమ్ములో వైరస్ రాలుతూనే ఉంటుంది. దశాబ్దాలు గడిచేకొద్దీ వైరస్ ముదిరింది, పాత టీకా చాలక ఒకదాని తర్వాత ఒకటి కొత్తవి తేవాల్సి వచ్చింది.

2015లో ఆండ్రూ రీడ్ బృందం ప్రయోగం చేసి చూపించింది. బాగా ముదిరిన వైరస్ టీకా లేని కోళ్లను పది రోజుల్లోపే చంపేసింది, వైరస్ పెద్దగా బయటికి రాలే లోపే అవి పోయాయి. టీకా వేసిన కోళ్లు బతికి, వారాల తరబడి వైరస్‌ను రాల్చాయి. అంటే వెంటనే చంపి తానూ అంతరించాల్సిన వైరస్‌కు బతికే దారి దొరికింది.

మక్తల్_కాపరి
అయితే టీకాలే వేయొద్దన్నమాట! నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

షాద్‌నగర్_కోళ్లు
అయ్యో, అట్లా అనకన్నా. టీకా లేకపోతే నా షెడ్డులో ఒక్క కోడి మిగలదు. టీకా వేయాలి, దాంతో పాటు షెడ్డు ఖాళీ చేసినప్పుడు దుమ్ము మొత్తం కడగాలి, పాత బ్యాచ్ ఉన్న చోటే కొత్త పిల్లలను దింపొద్దు. నేను చెప్పింది టీకా వేసి చేతులు దులుపుకునేవాళ్ల గురించి.

బీవీఎస్సీ_చివరేడు
@మక్తల్_కాపరి అన్నా, అన్ని టీకాలూ మారెక్స్ టీకా లాంటివి కావు. తట్టు సంగతే తీసుకోండి. అది కూడా ఆర్‌ఎన్‌ఏ వైరసే, అదీ తప్పులు రాస్తుంది. అయినా 1954లో ఒక పిల్లవాడి నుంచి తీసిన వైరస్‌తో తయారైన టీకాలు ఈరోజుకీ పనిచేస్తున్నాయి. కారణం, యాంటీబాడీలు పట్టుకునే చోట్లలో ముఖ్యమైనవి వైరస్ మన కణాన్ని పట్టుకునే చోట్లే. ఆ ఆకారం మారితే యాంటీబాడీ నుంచి తప్పించుకుంటుంది, కానీ కణంలోకి పోలేదు. ఎటు కదిలినా దానికే నష్టం. మశూచిని 1980 నాటికి భూమ్మీద లేకుండా చేశామంటే అది మనుషుల్లో తప్ప ఎక్కడా బతకకపోవడం, నిదానంగా మారే డీఎన్‌ఏ వైరస్ కావడం కూడా కలిసొచ్చాయి. మా అమ్మమ్మ ముఖం మీద ఆ మచ్చలు ఉండేవి. మా తరంలో ఎవరికీ లేవు.

కల్వకుర్తి_కిరాణం
నేను విన్నదేమంటే ఏ రోగమైనా పోను పోను మెత్తబడుతుంది. మనిషి చస్తే దానికీ ఇల్లు ఉండదు కదా. కరోనా అట్లాగే మెత్తబడింది. గొర్ల రోగమూ అంతే, కొన్నేళ్లు ఓపిక పడితే చాలు.

నకిరేకల్_జీవశాస్త్రం
ఓపిక పడితే చాలు అనే మాటతో నేను ఒప్పుకోను. మెత్తబడాలనే నియమం ఏదీ లేదు. వైరస్‌కు కావలసింది ఇంకొకరికి అంటుకోవడం, మనం బతికామా పోయామా అన్నది దానికి పట్టదు.

ఆస్ట్రేలియాలో 1950లో కుందేళ్లను తగ్గించడానికి మిక్సోమా అనే వైరస్‌ను వదిలారు. మొదట్లో నూటికి 99కి పైగా కుందేళ్లు చచ్చేవి. దాన్ని మోసేవి దోమలు. కుందేలు త్వరగా చస్తే దోమ కుట్టే రోజులు తగ్గుతాయి. అందుకే కొన్నేళ్లలోనే కొంత నిదానంగా చంపే వైరస్ పైచేయి సాధించింది. కానీ అది మెత్తనిదేం కాదు, మామూలు కుందేళ్లలో నూటికి 70 నుంచి 95 దాకా చంపేదే. అదే సమయంలో కుందేళ్లు కూడా మారాయి. ఫ్రాంక్ ఫెనర్ బృందం ఒకే వైరస్‌తో పరీక్షిస్తూ పోతే, కొన్నేళ్లలో అడవి కుందేళ్లలో చావులు నూటికి 90 నుంచి 25కు పడిపోయాయి. తట్టుకోలేనివన్నీ చచ్చిపోగా మిగిలినవాటి సంతానం అది. తర్వాత దశాబ్దాల్లో రోగనిరోధక శక్తినే అణిచివేసే కొత్త మిక్సోమా రకాలు మళ్లీ బయటపడ్డాయి. పోటీ ఆగలేదు.

@కల్వకుర్తి_కిరాణం, మీరన్న ఓపికకు ఖరీదు ఆ చచ్చిన కుందేళ్లే. దేవరకొండ తమ్ముడి మందను ఆ లెక్కలో వేయలేం. ఇక కరోనాలో ఒమిక్రాన్ రకం వచ్చేసరికి చాలామందికి టీకానో, పాత ఇన్ఫెక్షనో ఉంది, ఆ కాపలా లేని రోజుల్లో వచ్చి ఉంటే చావులు ఇంకా ఎక్కువే చూసేవాళ్లం.

కల్వకుర్తి_కిరాణం
సరే సార్, ఈ కుందేళ్ల లెక్క నాకు తెలియదు. మాట వెనక్కి తీసుకుంటున్నా.

మిర్యాలగూడ_అక్క
డెంగీ గురించి ఎవరూ రాయలేదు. మా చెల్లికి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నాలుగు రోజుల జ్వరం, ఒళ్లునొప్పులు, అంతే. రెండేళ్లకు మళ్లీ వస్తే "ఒకసారి వచ్చింది కదా, ఒంట్లో శక్తి ఉంటుంది" అని మేమే ధీమాగా ఉన్నాం. జ్వరం తగ్గిన రోజే కడుపునొప్పి, వాంతులు, కాళ్లూచేతులూ చల్లబడ్డాయి. ఐసీయూలో ఐదు రోజులు. రెండోసారి ఎందుకు ముదిరింది?

జడ్చర్ల_ల్యాబ్
అక్కా, డెంగీలో నాలుగు రకాలున్నాయి. మొదటిసారి వచ్చిన రకానికి పుట్టిన యాంటీబాడీలు రెండోసారి వచ్చిన వేరే రకానికి అతుక్కుంటాయి కానీ దాన్ని చంపలేవు. యాంటీబాడీ అతుక్కున్నదాన్ని లోపలికి లాక్కుని అరిగించడం కొన్ని తెల్ల కణాల పని. చావని డెంగీ వైరస్‌కు కావలసిందీ ఆ కణాలే. కాపలావాడే చేయిపట్టి లోపలికి తీసుకెళ్లినట్టు అవుతుంది. అందరికీ అలా కాదు, రెండోసారి వచ్చినవాళ్లలో ప్రమాదం ఎక్కువ. జ్వరం తగ్గిన ఆ ఒకటి రెండు రోజులే అసలు జాగ్రత్తగా ఉండాల్సిన రోజులు. మీరు వెంటనే తీసుకెళ్లడం మంచిదైంది.

నారాయణపేట_బర్రెలు
మా బర్రెకు జ్వరం వచ్చేది, పోయేది, వారం పది రోజులకు మళ్లీ వచ్చేది. బాగా తింటూనే చిక్కిపోయింది. సర్రా రోగమన్నారు. డాక్టర్ గారు రక్తం చుక్క గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోప్‌లో నన్నూ చూడమన్నారు. ఎర్ర కణాల మధ్య సన్నటి దారప్పోగు లాంటిది మెలికలు తిరుగుతూ వాటిని తోసుకుంటూ పోతోంది. జోరీగలు మోసుకొస్తాయట. మరి జ్వరం ఎందుకు వచ్చి పోతూ ఉంటుంది?

బీవీఎస్సీ_చివరేడు
ఆ పోగు తన ఒళ్లంతా ఒకే రకం ప్రోటీన్ కోటు కప్పుకుంటుంది. బర్రె ఆ కోటుకు యాంటీబాడీలు తయారు చేసేసరికి చాలా పోగులు చస్తాయి, జ్వరం దిగుతుంది. కొన్ని అప్పటికే కోటు మార్చేసి ఉంటాయి, అవి పెరిగి మళ్లీ జ్వరం. దీని దగ్గరి చుట్టమైన ఆఫ్రికా నిద్రజబ్బు పరాన్నజీవిలో ఇలాంటి కోటు జన్యువులు వెయ్యికి పైగా ఉన్నాయి. అందుకే సర్రాకు టీకా రాలేదు, మందే దిక్కు.

మక్తల్_కాపరి
గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేస్తున్నారు. అది కూడా అంత త్వరగా కోటు మారుస్తుందా?

బీవీఎస్సీ_చివరేడు
లేదన్నా, అక్కడ కారణం వేరు. మన టీకాలో ఓ, ఏ, ఏషియా-1 అని మూడు రకాలున్నాయి. ఆ టీకాతో వచ్చిన శక్తి కొన్ని నెలలకే తగ్గిపోతుంది, అందుకే మళ్లీ మళ్లీ వేస్తారు. వైరస్ మారడం కూడా ఉంది, దానికి టీకాలోని వైరస్‌నే అప్పుడప్పుడు మార్చాలి.

దేవరకొండ_మంద
ఇవన్నీ రాత్రి నాయినకు చదివి వినిపించా. టీబీ సంగతి దగ్గర ఆపి రెండోసారి చదవమన్నాడు.

టీకా తెచ్చినాయనను పిలిచి అడిగాం. ఐస్ డబ్బాలోనే తెచ్చానన్నాడు, డబ్బా చూపించాడు. అందులో ఐస్ ఎంతసేపు ఆగుతుందో నాకు తెలియదు, వచ్చేసారి థర్మామీటర్ పెట్టే ఉండాలని చెప్పా. దానికి ఆయన ఒప్పుకున్నాడు.

మంద ఇన్నాళ్లు చెరువు కట్ట కింద పడుకునేది, పక్కనే పేడ కుప్ప, అంతా బురద. చెల్లె, ఈ రోగం గొర్రె నుంచి గొర్రెకు తాకితే కాదు, నలకంత ఉండి కుట్టే ఈగలతో కదా వచ్చేది...

బీవీఎస్సీ_చివరేడు
అవునన్నా, ఎక్కువగా ఈగలతోనే. తడి పేడలో, బురదలో పుడతాయి. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారే దాకా కుడతాయి.

దేవరకొండ_మంద
అందుకే మందను బోడు మీదికి, ఎత్తు జాగాకు మార్చాం. పొద్దుగూకకముందే దొడ్లోకి తోలి వేపాకు పొగ పెడుతున్నాం. పేడ కుప్ప ఎత్తి దూరం వేశాం. నాలుగు రోజులైంది, కొత్తగా ఏదీ పడలేదు. పడ్డవాటిలో ఇంకో రెండు పోయాయి. మిగిలిన 11లో ఏడు సొంతంగా జావ తాగుతున్నాయి. మొదట పడ్డ ఆ చూడి గొర్రె ఈరోజు పచ్చిగడ్డి వాసన చూసి రెండు పోచలు నమిలింది.

ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది, నీలినాలుకేనని తేలింది. ఏ రకమో చెప్పడానికి ఇంకో రెండు వారాలు పడుతుందట. నంబరు రాగానే ఇక్కడే రాస్తా. చెల్లె, కోలుకున్నవాటికి వచ్చే ఏడు మళ్లీ టీకా వేయించాలా?

బీవీఎస్సీ_చివరేడు
వేయించాలి అన్నా. ఇప్పుడు వాటికి వచ్చిన శక్తి ప్రధానంగా ఈ ఒక్క రకం మీదే.